ఏడుపులో పెట్టిన పాఠాలు

బస్సు నేరేడుచర్ల చేరేలోపు, అక్కడి నుంచి నేను మా తండా పొలిమేర తొక్కేలోపు, దాది కోసం నాకు ఏడుపు దొరకాలి. కన్నీళ్ల సంగతి కాదు. అవి కోదాడ బస్టాండులోనే మొదలై, చున్నీ అంచు తడిపి, వాటంతట అవే ఆగిపోయాయి. నేను వెతుకుతున్నది నోటితో ఏడ్చే ఏడుపు, మా లంబాడీ ఆడవాళ్లు ఢావ్లో అనేది, పాటలా సాగదీసి, పోయినవాళ్లు మనకు ఏమేం చేశారో ఒక్కొక్కటే చెప్పుకుంటూ, ఇట్లా ఎందుకు వదిలిపెట్టావని అడుగుతూ ఏడ్చేది. దూరంలో ఉన్న ఆడపిల్ల వస్తున్నదంటే పొలిమేర నుంచే అందుకోవాలి. ఆ గొంతు వినబడగానే శవం చుట్టూ కూర్చున్నవాళ్లు తమ ఏడుపు ఆపేస్తారు, వచ్చే పిల్ల ఏమంటుందో వినడానికి. ఇప్పుడు నా గొంతు కోసం అట్లా ఆగబోతున్నారు. మా దాది, అంటే మా నాన్న తల్లి, భూలి, నిన్న సాయంత్రం మిర్యాలగూడ దవాఖానలో పోయింది. నాకు తెలిసింది ఇందాకే, చివరి పరీక్ష రాసి బయటికొచ్చి, ఫస్టియర్ అయిపోయిందని చెబుదామని నాన్నకు ఫోన్ చేస్తే. మేం నాన్నను బా అంటాం. "రాసినవా బేటా" అన్నాడు బా. రాసిన బా, మంచిగ రాసిన అన్నాను. "అన్ని అయిపోయినయా, ఇంకేమన్న ఉన్నయా?" ఏం లేవు అన్నాను. ఫోన్‌లో వెనక రైస్ మిల్లు చప్పుడు లేదు, అప్పుడే అనుమానం రావలసింది, పనిరోజు ఆ పూట బా మిల్లులో బస్తాలు మోస్తుండాలి. "అయితే బయలెల్లి రా బేటా. దాది లేదు ఇగ." నిన్ననే ఎందుకు చెప్పలేదన్నాను. "పరీక్ష పాడైతదని మీ యాడి చెప్పనియ్యలే. ఐస్ పెట్టెల పెట్టినం. నువ్వొచ్చినంకనే లేపుతం."

యాడి అంటే అమ్మ. దాది ఐస్ పెట్టెలో ఉందని తెలిసీ యాడి నిన్న రాత్రి నాతో ఫోన్‌లో మాట్లాడింది, అన్నం తిన్నావా అని అడిగింది, గొంతు బొంగురుగా ఉందేమిటంటే మిరప కళ్లంలో ఘాటు అన్నది. నేను నమ్మి, తాపీగా కూర్చుని నాచుమొక్కల జీవితచక్రం ఇంకొకసారి అనుకున్నాను.

బాణీ అయితే వస్తోంది. కిటికీ ఊచకు తల ఆనించి, ఇంజను చప్పుడులో ఎవరికీ వినబడదులే అని పెదాల వెనకే మొదలుపెడతాను, దాదీ ఏ, అని. అది పైకి లేస్తుంది, పైన కొంచెం వణుకుతుంది, అక్కడి నుంచి మెట్టుమెట్టుగా కిందికి దిగుతుంది, ఆ దిగుడులో మాట పడాలి. నువ్వు నన్ను వీపున మోశావు అనే మాట, జ్వరమొస్తే తడిగుడ్డ వేశావు అనే మాట. దిగుడు రాగానే పడే మాట మాత్రం, బ్రయోఫైట్స్ ఆర్ కాల్డ్ ద యాంఫిబియన్స్ ఆఫ్ ద ప్లాంట్ కింగ్‌డమ్. నాలుక కొరుక్కుని ఆపుతాను. మళ్లీ మొదలుపెడతాను. దాదీ ఏ. దిగుడు. ఆస్మోసిస్ ఈజ్ ద మూవ్‌మెంట్ ఆఫ్ వాటర్ మాలిక్యూల్స్. ఇందులో నవ్వడానికి ఉంది, దాది బతికి ఉంటే పడీపడీ నవ్వేది, తన చావుకు నేను నీళ్లు పొర ఎట్లా దాటుతాయో చెప్పి ఏడుస్తున్నానంటే. కానీ నవ్వడానికి ఆమె ఉంటే నేను ఈ బస్సులో ఉండను.

ఆమే పెట్టించింది ఆ మాటలను అందులో. ఇది ఎవరికి చెబితే అర్థమవుతుంది. కోదాడలో డిగ్రీలో చేరిన కొత్తలో నాకు క్లాసులో ఏమీ తెలిసేది కాదు. ఇంటర్ దాకా తెలుగులో చదివాను, అదే నాకు రెండో భాష, ఇంట్లో మాది లంబాడీ మాట, ఇక్కడికొస్తే అన్నీ ఇంగ్లీషు. వీరేశం సార్ బాటనీ చెప్పేవారు, మంచి సార్, బోర్డు మీద బొమ్మ వేస్తే నిజం మొక్క వచ్చి గోడకు అతుక్కున్నట్టుండేది. బొమ్మ దాకా అర్థమయ్యేది, నోరు తెరిస్తే పోయేది. చదివితే నిలిచేది కాదు. పుస్తకం మూయగానే ఖాళీ. హాస్టల్లో నా గదిలో లత అని మఠంపల్లి అమ్మాయి, వాళ్ల నాన్న సిమెంటు ఫ్యాక్టరీలో పని, అన్నిట్లో నాకంటే ముందుండేది. ఒక సాయంత్రం నేను స్నానాల గదిలో ఏడుస్తుంటే తలుపు కొట్టింది. ఓదారుస్తుందనుకున్నాను. "నల్లా తిప్పుకొని ఏడవ్వే పిచ్చీ. నీ ఏడుపు మెస్సు దాకా వినపడుతుంది" అన్నది. అదొక పద్ధతని అప్పుడు తెలిసింది. నల్లా తిప్పాలి, బకెట్ పెట్టాలి, నీళ్లు పడుతున్నంతసేపు ఏడవాలి, బకెట్ నిండాక ముఖం కడుక్కుని రావాలి. గదుల్లో ఆడపిల్లలందరూ అట్లాగే ఏడుస్తారు, ఎవరూ ఎవరినీ అడగరు. మా తండాలో చప్పుడు లేకుండా ఏడ్చేవాళ్లు ఉండరు. అట్లా ఏడిస్తే దయ్యం పట్టిందనుకుంటారు. నేను తొందరగానే నేర్చుకున్నాను. ఆ సంవత్సరం నేను మొట్టమొదట నేర్చుకున్నది అదే అనుకుంటా, చదువు తర్వాత వచ్చింది.

"గట్ల ఊచకు తలకాయ పెట్టకు బిడ్డా, గుంతల బస్సు లేస్తే పగులుతది." పక్క సీటు పెద్దమ్మ. ఒళ్లో తాటిముంజల సంచి, తడి కారి నా చెప్పుల దాకా వచ్చింది. కోదాడలో ఎక్కినప్పటి నుంచి నన్ను చూస్తూనే ఉంది. "ఏమైంది, అప్పటి సంది సూస్తున్న. పరీక్ష పాడైందా?" లేదమ్మా, మంచిగనే రాసిన, అన్నాను. "మంచిగ రాస్తె ఏడుసుడెందుకు మరి. మా మనుమడు అన్ని తప్పిండు, బిర్యాని తింటున్నడు." ఎవరో వెనక సీటులో నవ్వారు. మా నానమ్మ చనిపోయిందమ్మా అని ఆమెకు తెలుగులో చెప్పవచ్చు, నాలుగు మాటలు, అయిపోతుంది. అయ్యో అంటుంది, ఎంత వయసు అంటుంది, పెద్ద వయసే కదా అంటుంది. అట్లా అయిపోవడం నాకు ఇష్టం లేదు. దాది చావును మొదట చెప్పాల్సింది ఆమె భాషలో, ఆమె బాణీలో, ఆమె దగ్గర కూర్చుని. అందుకే కిటికీవైపు తిరిగాను. రోడ్డు పక్కన వడ్లు ఆరబోసి ఉన్నాయి, సగం తారు మీదికి వచ్చాయి, డ్రైవరు పక్కకు తీస్తూ తిట్టుకుంటున్నాడు. ఈ వడ్లన్నీ మిర్యాలగూడ మిల్లులకే పోతాయి, అందులో కొన్ని బా వీపు మీదికి ఎక్కుతాయి. దాదిని దవాఖానకు తీసుకుపోయింది కూడా అందుకే మిర్యాలగూడకు, బా అక్కడే ఉంటాడని, పొద్దున బస్తాలు మోసి మధ్యాహ్నం ఆమెకు గంజి తాగించవచ్చని. మొన్న నాతో ఫోన్‌లో మాట్లాడినప్పుడు దాది గ్యాసు నొప్పి అన్నది. ఆ మాటా నమ్మాను.

మొదటిసారి ఆమె హాస్టలుకు వచ్చినప్పుడు దసరా ఇంకా రాలేదు. నేను ఇల్లు విడిచి నెలలు కాలేదు, కానీ మాకు అది చాలా ఎక్కువ, మేం కూలికి పోయినా మందగా పోతాం. అద్దాల రవిక, చేతుల నిండా గాజులు, తల మీద మూట, కోదాడ ఎండలో గేటు దగ్గర నిలబడి ఉంది. వాచ్‌మన్ లాజరు పిలిస్తే పరుగెత్తాను. చాలారోజులకు కలిసినప్పుడు మా ఆడవాళ్లు బాగున్నావా అని అడగరు. ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని, అదే ఢావ్లోలో, విడిచి ఉన్న రోజుల్లో జరిగినదంతా ఏడుస్తూ చెప్పుకుంటారు, అదే పలకరింపు. దాది మూట దించి నా భుజం మీద తల పెట్టి అందుకుంది. నువ్వు పోయినకాడి నుంచి నల్లమేక పాలు దాచుకుంటున్నదే బేటా, నీ మంచం నులక వదులైందే, మీ యాడి చేనుకు ఒక్కతే పోతున్నదే. గొంతు పెద్దది ఆమెది. మెస్సులోంచి, డాబా మీంచి, అన్ని గదుల్లోంచి అమ్మాయిలు వచ్చేశారు. వార్డెన్ మేడం చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చి "ఎవరమ్మా, ఎప్పుడు, యాక్సిడెంటా?" అన్నారు. లాజరు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నీళ్ల సీసా మూత తీశాడు. ఇంటి మీద బెంగతో ఉన్న పెనుగంచిప్రోలు అమ్మాయి ఒకతి ఏమీ తెలియకుండానే ఏడుపు మొదలుపెట్టింది. లత నా చెయ్యి గట్టిగా పట్టుకుని "ఎవరే పోయింది?" అంటే, ఎవరూ పోలేదు, మా నానమ్మ నన్ను చూడటానికి వచ్చింది, అన్నాను. లాజరు సీసా మూత మళ్లీ బిగించాడు. "చూడటానికొస్తేనే ఇట్టా ఏడిస్తే, నిజంగా ఎవరన్నా పోతే హాస్టలు ఖాళీ చెయ్యాల్సిందేనమ్మా." ఏమంటున్నాడని దాది అడిగింది, చెప్పాను. కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. లాజరు వైపు తిరిగి తన తెలుగులో, "ఎవలన్న పోతె గింత తక్కువ ఏడుస్తమా అయ్యా?" అన్నది.

దాదీ ఏ. ఎవలన్న పోతె గింత తక్కువ ఏడుస్తమా. ఇదే అనాలి కదా, ఈ మాటే పెట్టాలి దిగుడులో, దొరికింది అనుకున్నాను. నువ్వు అడిగావు దాదీ, ఇంత తక్కువ ఏడుస్తామా అని. లేపాను గొంతును లోపల. రెండో చరణానికి వచ్చేసరికి, ఇన్ ద ప్రెజెన్స్ ఆఫ్ సన్‌లైట్, కార్బన్ డయాక్సైడ్ అండ్ వాటర్. అక్కడికి అదే అతికి ఉంది. మాట తీసి మాట పెట్టడానికి లేదు, ఎందుకంటే అవి ఒకసారి అనుకుని వదిలినవి కావు, నెలల తరబడి ప్రతి సాయంత్రం డాబా మీద నడుస్తూ పోసి, ఆరబెట్టి, గట్టిపడేదాకా చేసినవి.

ఆ రోజే, గేటు దగ్గరి గొడవ అయ్యాక, సిమెంటు బెంచీ మీద కూర్చుని ఆమె తెచ్చిన జొన్నరొట్టె తింటూ నా బాధ చెప్పాను. ఎంత చదివినా తలలో ఉంటలేదు దాది, ఇంటికి వచ్చేస్తా, చేనుకు వస్తా అన్నాను. "ఎట్ల సదువుతున్నవ్, సప్పుడు చేసుకుంటనా, చెయ్యకుంటనా?" మనసులోనే అన్నాను. "మనసుల సదివితె మనసుల్నే మునిగిపోతది. నేను బడి మొహం సూడలే గని, మా అత్త పోయిన్నాడు ఏడ్సిన మాటలు ఇయ్యాల్టికి ఒక్కటి పోలే. ఏడుపుల పెట్టు బేటా." ఇంగ్లీషును ఏడుపులో ఎట్లా పెడతారని నవ్వాను. "ఎందుకు పట్టదు. మీ తాత తాగుడు పట్టింది అండ్ల, ఊరు మునిగింది పట్టింది, కరువు పట్టింది. నీ ఇంగిలీసు అంత లావుంటదా?" అక్కడే, బెంచీ మీదే, పెట్టి చూపించమన్నది. పుస్తకం తెరిచి ఒక వాక్యం చదివాను. ఆమె కళ్లు మూసుకుని, ఆ మాటల్లో ఒక్కటీ తెలియకుండానే, ఎక్కడ లేపాలో ఎక్కడ విరవాలో చేత్తో చూపించింది. గాజులు గలగలమన్నాయి. సెల్ మెంబ్రేన్ ఈజ్ సెమీ పర్మియబుల్. "ఇగో పట్టింది" అన్నది.

నిజంగానే పట్టింది. మొదట్లో లత ముక్కు మూసుకుని నవ్వేది, "ఏందే, ఆల్గే వాళ్లింట్లో ఎవరు సచ్చిపోయారు?" అని. తర్వాత యూనిట్ పరీక్షలకు ఆమే అడిగింది, ఫంగస్ రకాలు ఒకసారి ఏడువవే, నాక్కూడా గుర్తుంటుంది అని. ఇద్దరం, తర్వాత నలుగురం. వీరేశం సార్ క్లాసులో నన్ను లేపి అడిగితే కళ్లు మూసుకునేదాన్ని, బాణీ లోపల పెట్టుకుని మాటలు మాత్రం బయటికి పంపేదాన్ని. ఒకసారి ఆయన సుద్దముక్క పక్కన పెట్టి, "చదివినట్టు లేదమ్మా, ఎవరికో చెప్పుకుంటున్నట్టుంది" అన్నారు. ఆ మాటకు నాకు భయమేసింది, కనిపెట్టేశారేమో అని. మొదటి సెమిస్టరులో మా క్లాసులో నాకే మొదటి స్థానం వచ్చింది. తండాలో బా పెద్దవాళ్లకు బెల్లం పంచాడు. బోర్డు పరీక్షలే గట్టెక్కలేనివాళ్లు సగం ఉన్న తండాకు, క్లాసులో మొదటిదనే మాట కొత్త, దాన్ని లంబాడీ మాటలో చెప్పడానికి బా తడబడి, "అందరికంటే ముంగట నడుస్తున్నది" అన్నాడట. మందలో ముందు నడిచే ఆవు గురించి అట్లా అంటాం.

"హుజూర్‌నగర్, హుజూర్‌నగర్ దిగేటోళ్లు ముంగటికి రావాలె." కండక్టరమ్మ గొంతు. పెద్దమ్మ లేచింది, సంచి సర్దుకుంది, పోతూ పోతూ ఒక ముంజ తీసి నా అరచేతిలో పెట్టింది. "తిను, సల్లగుంటది. తప్పినా ఏం కాదు, మల్ల రాయొచ్చు." నేను మంచిగ రాశానని ఆమె నమ్మలేదు. తినలేకపోయాను. అది అరచేతిలో వెచ్చబడుతూ, మణికట్టు వెంట మోచేతి దాకా నీరు కారుస్తూ ఉంది. బస్సు కదిలింది. నేరేడుచర్ల ఎంతో లేదు ఇక.

సూర్యాపేటలో కూడా ఆ రోజు ఇట్లాగే ఎండ. అక్కడొక కాలేజీలో జిల్లా పిల్లలందరికీ సెమినార్ పెట్టారు, వీరేశం సార్ నన్ను పంపారు. నాచుమొక్కల గురించి మాట్లాడాను. నేల మీద బతుకుతాయి, కానీ నీళ్లు లేనిదే వాటి వంశం నిలవదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకచోట బాణీ బయటికి వచ్చేసింది, పైకి లేచి వణికింది, హాలంతా నిశ్శబ్దమైంది. అదేదో నా శైలి అనుకున్నారు, బహుమతి ఇచ్చారు. వెనక వరసలో బా పక్కన దాది కూర్చుని ఉంది. ఆమెకు మాటలు తెలియవు, బాణీ తెలుసు. స్టేజీ మీంచి చూశాను, ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. ఏడుపుకు ఏడుపుతో జవాబు చెప్పకుండా కూర్చోవడం ఆమెకు ఎంత కష్టమో నాకు తెలుసు. కార్యక్రమం అయ్యాక బయట చెట్టు కింద కలిశాం. నా భుజాలు నాకు తెలియకుండానే ముందుకు వంగాయి, ఆమె తల పెట్టుకోవడానికి. ఆమె పెట్టలేదు. చుట్టూ చూసి, వెనక్కి నిలబడి, పట్నం ఆడవాళ్లు అన్నట్టు, "బాగున్నవా బేటా?" అన్నది. ఆ మాట ఆమె నోట్లో ఎప్పుడూ వినలేదు. బాగున్న దాది అన్నాను. "సూసినవా, మీ కాలేజీ పద్దతి నేర్సిన. నేను గూడ ఫస్టియర్ పాసైన" అని పకపకా నవ్వింది. బా నవ్వాడు. నేనూ నవ్వాను. ముగ్గురం బస్టాండు దగ్గర చెరుకురసం తాగాం. అదే ఆఖరు. ఆ కలుసుకోవడంలో ఆమె నాకు ఏడుస్తూ చెప్పవలసినవన్నీ, మేక సంగతి, చేను సంగతి, తన కడుపునొప్పి సంగతి, ఏవీ చెప్పకుండానే వెళ్లిపోయింది. బాగున్నావా అంటే బాగున్నానంటే ఇక ఏం మిగులుతుంది చెప్పుకోవడానికి.

నేరేడుచర్లలో మల్సూర్ కాకా, బా తమ్ముడు, బండితో నిలబడి ఉన్నాడు. నేను దిగగానే ముంజ చూసి తీసుకుని రోడ్డు పక్కకు విసిరాడు. "ఎక్కు బేటా. పెద్దమనుషులు ఇగ ఆగుడు మంచిగుండదంటున్నరు, కరెంటు గూడ పోయి వస్తున్నది." పాలకీడు దారిలో గాలి నిప్పులా కొడుతోంది. కాకా వెనక్కి తిరగకుండా మాట్లాడుతున్నాడు. "మీ యాడి నిన్నటి సంది ఒక్కతే పట్టింది ఏడుపు. గొంతు ఖతమైంది. నువ్వు అందుకుంటె జర ఊపిరి తీసుకుంటది. నిన్ను ట్రాన్స్‌ఫార్మర్ కాడ దించుత, ఆడికెల్లి నడుసుకుంట రా. గట్టిగ ఏడువు. వినపడాలె." సరే కాకా అన్నాను. సరే అన్నాక కూడా నా దగ్గర ఒక్క చరణం లేదు. వీపు మీద మోశావు. మోసిందా? మోసింది, పత్తి చేలో, నాకు గుర్తుంది, మెడ దగ్గర చెమట వాసన గుర్తుంది. రాత్రిళ్లు కథ చెప్పావు. జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు తీసుకుపోయి రంగు రిబ్బన్లు కొన్నావు. అన్నీ ఉన్నాయి, బొమ్మల్లా ఉన్నాయి, వీరేశం సార్ బోర్డు మీద మొక్కల్లా అతుక్కుని ఉన్నాయి, వాటికి నోరు లేదు.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర దిగాను. కాకా బండి ముందు పోయి తండా మలుపులో కనబడకుండా పోయింది. అక్కడి నుంచి యాడి గొంతు వినబడుతోంది, గొంతు కాదు, గొంతు ఉండే చోటు, గాలి మాత్రమే వస్తోంది, అయినా బాణీ తప్పలేదు. నేను నోరు తెరిచాను. దాదీ ఏ. బయటికే వచ్చింది, గట్టిగా వచ్చింది, నేనే ఉలిక్కిపడ్డాను. ఇంటి దగ్గర ఏడుపు ఆగిపోయింది. అందరూ వింటున్నారు. పైకి లేచింది, వణికింది, దిగుడుకు వచ్చింది, పెదాల దాకా వచ్చిన మాట ఏమిటో నాకు తెలుసు. పళ్లు బిగబట్టాను. అని ఉంటే ఎవరికి తెలుస్తుంది, తండాలో ఇంగ్లీషు తెలిసిందెవరికి, ఏదో పెద్ద చదువుల ఏడుపు అనుకుని ఇంకా ఎక్కువ ఏడ్చేవాళ్లు. కానీ ఐస్ పెట్టెలో ఉన్న ఆమె ముందు ఆ మాట అనలేను. అడుగులు వేశాను. నా చెప్పుల చప్పుడు ఒక్కటే. ఇంటి ముందు అందరి ముఖాలూ నావైపే ఉన్నాయి, దారి ఇచ్చి ఉన్నారు, దారి ఇచ్చి ఎదురుచూస్తున్నారు.

"గొంతు పట్టిందా పిల్లకు? ఒక్కసారి పిల్సి ఊకున్నది" అన్నది ఒక ముసలామె. ఇంకొకామె, నాకు చిన్నమ్మ అవుతుంది, సర్దిచెబుతున్నట్టుగా, "సదువుకున్న పిల్ల గద. వాళ్లు లోపల ఏడుస్తరు" అన్నది. అందులో ఎకసెక్కం ఏమీ లేదు. మర్యాదగానే అన్నది, కొంచెం పక్కకు కూడా జరిగింది, నా బట్టలకు మట్టి అంటకుండా.

యాడి లేచి వచ్చింది. నా భుజం మీద తల పెట్టింది, నేను ఆమె భుజం మీద పెట్టాను. ఆమె ఏడవలేదు, నేను మొదలుపెడతానని ఆగింది. చెవి దగ్గర ఆమె ఊపిరి వేడిగా తగులుతోంది. నా వీపు మీద చేత్తో మెల్లగా తట్టింది, చిన్నప్పుడు దగ్గు వస్తే తట్టినట్టు. "అను బేటా" అన్నది. వస్తలేదు యాడి, అన్నాను. తట్టడం ఆగింది. ఏ మాట వస్తలేదో, ఏ మాట వస్తున్నదో, ఎందుకు మింగుతున్నానో, అదంతా చెప్పడానికి అది చోటు కాదు. ఆమె అడగలేదు. కాసేపటికి ఆ విరిగిపోయిన గొంతుతోనే తనే మళ్లీ అందుకుంది. దాది కోసమే అనుకున్నాను. ఈ వాకిలి దాటి పోతున్నావే, ఆడిన వాకిలి, అన్నది. పోయే దారిలో నీకు నీళ్లు దొరకాలే, నీ కాలికి ముల్లు దిగొద్దే, అన్నది. ఆడవాళ్లు దిగుడు అందుకున్నారు. ఆకలైతే అడగడానికి సిగ్గుపడకే, అన్నది, మమ్ముల తలుచుకుని పొయ్యి ముందు కూసొని ఏడువకే, వాళ్ల మాట నేర్సుకోవే, వాళ్ల తీరు నేర్సుకోవే. చచ్చిపోయినవాళ్లకు ఎవరూ అట్లా చెప్పరు. అది పెళ్లయి అత్తగారింటికి పోయే పిల్లను పట్టుకుని తల్లి ఏడ్చే ఏడుపు. చుట్టూ ఉన్న ఆడవాళ్లలో ఒక్కరూ ఆమెను ఆపలేదు, ఇది కాదు పాట అని ఒక్కరూ అనలేదు, చిన్నమ్మ కూడా, ఆ ముసలామె కూడా, అందరూ ఆ పాటనే పట్టుకున్నారు, అదే సరైనదన్నట్టు. మగవాళ్లు వచ్చి పెట్టె మూత తీసి దాదిని ఎత్తారు. డప్పు మొదలైంది. ఆడవాళ్లంతా అటు తిరిగి లేచారు, గాజుల చప్పుడు, బా ఏదో అరుస్తున్న చప్పుడు. యాడి అటు తిరగలేదు. రెండు చేతులతో నా ముఖం పట్టుకుని, కళ్లలోకి చూస్తూ, నన్ను సాగనంపుతూనే ఉంది.